ఆడ దుప్పులు కరువైన తోట

మొన్న పొద్దున కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, ఎక్కడో ఒక జింకల పార్కులో మగవి మితిమీరి ఆడవాటిని బతకనివ్వడం లేదనీ, వాటిని వేరుచేసి మరోచోటికి తరలిస్తున్నారనీ చిన్న వార్త కనబడింది. ఎవరో యువ పశువైద్యురాలు చెబితే పైవాళ్లు వెంటనే ఒప్పుకున్నారట. ఆ ‘వెంటనే’ అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది.

డెబ్బైల చివర్లో తిరుపతిలో పశువైద్యం చదివి, అక్కడే పశువుల ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరి, ఆ ఊరి కోడలినే అయ్యాను. ఆడపిల్ల ఆవు చూడి పరీక్ష చేయడమేమిటని రైతులే వింతగా చూసే రోజులవి. మా మామగారు ఒక ధర్మసంస్థ వారి తోటకు పెద్ద. తెల్లవారకముందే స్నానం చేసి, తీర్చిదిద్దినట్టు నామం పెట్టుకుని, కొండ దిగువనున్న ఆ తోటకు నడిచి వెళ్లేవారు. అక్కడ ఇనుప కంచె లోపల చుక్కల దుప్పుల మంద ఒకటి ఉండేది. కొండకు వచ్చిన జనం దిగేటప్పుడు ఆగి, పిల్లలకు వాటిని చూపించి పోయేవారు. ఇంట్లోనే డాక్టరు ఉంది కనుక, దుప్పులకు ఏ జబ్బు చేసినా నన్నే పిలిచేవారు. మామగారి మాట మీద గర్వంగానే వెళ్లేదాన్ని.

వెళ్లిన కొద్దికాలానికే అక్కడి తేడా నాకు అర్థమైంది. మందలో ఒక మగదానికి మూడో నాలుగో ఆడవి ఉంటే అన్నీ నెమ్మదిగా ఉంటాయి. ఆ తోటలో మాత్రం ఆడవెన్నో మగవీ దాదాపు అన్నే. పుట్టేటప్పుడు రెండూ ఇంచుమించు సమానంగానే పుడతాయి. అడవిలో అయితే పోట్లాడి ఓడిన మగది దూరంగా తొలగిపోతుంది, చిరుతలూ రేచుకుక్కలూ కొన్నిటిని ఏరేస్తాయి. కంచె లోపల ఆ పని మనిషే చేయాలి. చేయకపోతే, మదమెక్కిన మగవన్నీ కలిసి ఒక్క ఆడదాని వెంట పడతాయి. దానికి మేతా ఉండదు, నీడా ఉండదు, పిల్లకు పాలిచ్చే తీరికా ఉండదు.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ, “మామా, మగవి ఎక్కువైపోయినాయి. సగం వాటిని వేరే కంచెలో పెట్టాల. లేకుంటే ఆడవి బతకవు” అన్నాను.

ఆయన నవ్వారు. “కొమ్ములుండేదాన్ని సూసేదానికే కదమ్మా జనం వచ్చేది! బోడిదాన్ని ఎవురు సూస్తారు?”

అంతటితో ఆగినా బాగుండేది. వేరే ఊళ్ల తోటలవాళ్లు దుప్పులు కావాలని అడిగితే, కొమ్ములవి పోతే తోట బోసిపోతుందని ఆడవాటినే పంపించారు. వద్దని మళ్లీ చెప్పాను. వంటింట్లోంచి మా అత్తగారు కళ్లతోనే నన్ను వారించింది.

ఆ తోటకు కాపలా ఉండే ఆయన నగరి నేతవాళ్ల ఇంటివాడు. మగ్గం గిట్టుబాటు కాక ఈ పనికి వచ్చాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఒకనాటి ఉదయం చూడి దుప్పి ఒకదాన్ని నాలుగైదు మగవి కంచె పొడుగునా తరుముతుంటే, ఆయన గేటు తీసి దాన్ని మేత కొట్టంలోకి తప్పించబోయి, కర్ర పట్టుకుని వాటికి అడ్డం నిలబడ్డాడట. పెద్ద పోతు ఆయన తొడలో కొమ్ము దించింది. దుప్పి బెదిరి కంచెకు కొట్టుకుని మెడ విరిగి చచ్చిపోయింది. దాన్ని కోసి చూసింది నేనే. కడుపులో ఉన్నదీ ఆడపిల్లే.

సంస్థ పెద్దలు విచారణ పెట్టి, దుప్పిని కోసి చూసిన డాక్టరుగా నన్నూ రమ్మన్నారు. అనుమతి లేకుండా గేటు తీశాడు కనుక తప్పు కాపలాదారుదేనని మామగారు చెప్పారు. ఆ పొద్దున ఇంట్లోంచి బయలుదేరే ముందే మావారు నాతో మెల్లగా, “నువ్వు ఊరకుంటే పోతాది గదా” అన్నారు. నేను ఊరుకోలేదు. తప్పు గేటుది కాదనీ, మందను అలా పెరగనిచ్చిన వాళ్లదనీ, ఈ సంగతి ముందే చెప్పాననీ మామగారి ఎదుటే అన్నాను. వాళ్లలో ఒక పెద్దమనిషి, “కోడలమ్మా, ఇంటి గొడవలు ఇంట్లోనే సూసుకోండి” అన్నాడు. మిగిలినవాళ్లు నవ్వారు.

కాపలాదారును పనిలోంచి తీసేశారు. కొన్నాళ్లకు నగరి వెళ్లి చూసొచ్చాను. గుంటమగ్గంలో కూర్చుని తొక్కడానికి ఆ కాలు సహకరించక, ఆడవాళ్లతో పాటు రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టుకుంటున్నాడు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది గానీ నా మొహంలోకి చూడలేదు. ఆయన మాత్రం, “ఆ పెద్ద పోతుకు కొమ్ములు రాలిండాయామ్మా?” అని, ఏటా రాలి మళ్లీ మొలిచే ఆ కొమ్ముల గురించి అడిగాడు. దాని మీద కోపమే లేదు ఆ మనిషికి.

తోటలో ఆడవి ఒక్కొక్కటే పోయాయి. మగవి ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. చివరికి మిగిలినవాటిని ఎక్కడికో తోలేసి కంచె పీకేశారు. నేను చెప్పిందే నిజమైందని ఒక్కరూ అనలేదు. మామగారు మాత్రం ఆ విచారణ నాటినుంచి పోయేదాకా నాతో నేరుగా మాట్లాడలేదు. నేను వడ్డించిన అన్నం తింటూనే, చారులో ఉప్పు తగ్గిందని నా పక్కనే ఉన్న అత్తగారితో చెప్పించేవారు. మంచం పట్టినప్పుడు మందు పోసింది నేనే. గ్లాసు అందుకుని గోడవైపు తిరిగేవారు.

ఇప్పుడు మా ఇంట్లో కోడళ్లు, మనవరాళ్లు భోజనాల దగ్గర మగవాళ్ల మాటకు అడ్డం వచ్చి మరీ వాదిస్తారు. వింటూ కూర్చోవడం నాకిష్టం. నా ఈడువాళ్లు ఎవరైనా వచ్చి, ఆ కాలంలో ఇళ్లు ఎంత ప్రశాంతంగా ఉండేవో అని నిట్టూరుస్తారు. ఆ ప్రశాంతత ఎవరు నోరు మూసుకుంటే వచ్చిందో నాకు తెలుసు. అయినా వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చి, ఔనన్నట్టు తలూపి ఊరుకుంటాను.