కిటికీలోంచి అందించిన పిల్ల

కిటికీ చట్రం నా చేతి కింద నుంచి పక్కకు జరిగింది. ఇంజను కూత నేను వినలేదు, పచ్చజెండా చూడలేదు. చట్రం జరిగాకే తెలిసింది, బండి కదిలిందని, నాలుగేళ్ళ నా కూతురు బండిలో ఉందని, నేనూ ఏడేళ్ళ కొడుకూ బేగంపేట ప్లాట్‌ఫారం మీదే ఉన్నామని.

ఆ రోజు మావారు ఆఫీసు పని మీద విమానంలో ఢిల్లీ వెళ్ళారు. మా ఇంట్లో విమానం ఎక్కిన మొదటి మనిషి ఆయనే. సాగనంపడానికి పిల్లలతో నేనూ బేగంపేట విమానాశ్రయానికి వెళ్ళాను. తెల్లవారకముందే లేచి పులిహోర కలిపి, ఆయన పెట్టె సర్ది, పిల్లల్ని తయారుచేసి బయలుదేరినదాన్ని. తీరా వెళితే విమానం మూడు గంటలు ఆలస్యం. ఆ మూడు గంటలూ పిల్లలిద్దరూ నా ఒళ్ళో చెరో పక్కా నిద్రపోయారు, నేను కాళ్ళు కదపలేదు. మమ్మల్ని దింపిన ఆఫీసు జీపు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆయన లోపలికి వెళుతూ తిరుగు దారి చెప్పారు. స్టేషను నడిచి వెళ్ళేంత దూరమేనట, వికారాబాదు నుంచి వచ్చే పాసింజరు ఎక్కితే నాంపల్లిలో దిగవచ్చట. అక్కడ దిగితే ఇల్లు చేరినట్టే. నాంపల్లి స్టేషనుకీ ఆబిడ్స్‌కీ మధ్య ఒక సందులో మా వాటా.

ఆ బండికి ఒక పద్ధతి ఉండేది. పెట్టెల కిటికీలకు ఊచలు లేవు. ఎక్కేవాళ్ళు తువ్వాలో, సంచో, చంటిపిల్లనో ముందు కిటికీలోంచి లోపలికి అందించి, తరువాత తలుపు వైపు వెళ్ళేవాళ్ళు. లోపలివాళ్ళు కాదనకుండా అందుకునేవాళ్ళు. కోస్తా నుంచి వచ్చిన కొత్తలో ఇది చూసి హడలిపోయాను. ఆరేళ్ళు గడిచాక నాకూ అలవాటైంది.

ఆ రోజు బండి వచ్చి ఆగగానే, లోపల జామపండ్ల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిడ కిటికీలోంచి చేతులు చాచింది.

"జెర పిల్లనియ్యమ్మా. ఒళ్ళె కూసోబెట్టుకుంట."

ఇచ్చాను. బాబు చెప్పు పట్టీ ఊడిపోతే సరిచేయడానికి వంగాను, కిటికీ మీద ఒక చెయ్యి ఆనించి. అప్పటికి ఏదో ఒకదానికి ఆనుకోకపోతే నిలబడేలా లేను. అప్పుడే చట్రం జరిగింది.

పరుగెత్తాను కానీ తలుపు అందలేదు. పండ్లావిడ తల బయట పెట్టి, నాంపల్లిలో ఉంటాననీ, ఫికర్ చెయ్యొద్దనీ అరిచి చెప్పింది. ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. వినలేదని రాయడానికి లేదు.

స్టేషను మాస్టరు గదిలోకి వెళ్ళి నేనన్న మొదటి మాట, "ఎవరో ఆడమనిషి మా పాపని ఎత్తుకుపోయిందండీ."

ఎందుకలా అన్నాను? నేనే ఇచ్చానంటే, చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలియదా అంటారని. పండ్ల గంప, ఎర్రచీర అని గుర్తులు కూడా చెప్పాను. బాబు తలెత్తి నా మొహంలోకి చూశాడు. వాడి చెయ్యి గట్టిగా నొక్కాను. మాస్టరు నాంపల్లికి ఫోను చేశారు. పాప పేరు చెబుతుందా అని అడిగారు. చెప్పదని నాకు తెలుసు. కొత్తవాళ్ళు ఎవరడిగినా పేరు చెప్పకూడదు, ఏమిచ్చినా తినకూడదు అని రోజూ అన్నంతోపాటు నూరిపోసింది నేనే.

ఆటో ఎక్కాము. ఖైరతాబాద్ దగ్గర రైల్వే గేటు పడింది. సిగ్నలు దొరక్క ఎక్కడో ఆగిన బండి అప్పుడే వస్తోందని ఆటోవాలా చెప్పాడు. నా కళ్ళ ముందు నుంచే పోయింది. ఒక్కో కిటికీ వెతికాను. మోచేతులు, తలపాగాలు, ఒక పాల క్యాను కనిపించాయి. పిల్ల కనిపించలేదు.

నాంపల్లిలో మూడో ప్లాట్‌ఫారం చివర జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో పండ్లావిడ కింద కూర్చుని ఉంది, ఒళ్ళో నా కూతురు. పక్కన లాఠీతో జవాను. గంప ఒరిగిపోయి పండ్లు దొర్లిపోయాయి. పిల్లల్ని పట్టుకుపోయేవాళ్ళు గిట్లనే ఉంటరని ఎవరో అంటున్నారు. ఈమె ఎవరని జవాను ఎన్నిసార్లు అడిగినా నా కూతురు పెదవి విప్పలేదట. చేతిలో జామపండు, కొరకనిది.

నన్ను చూసి పాప ఏడ్చింది. పండ్లావిడ ఏడవలేదు. అరవనూ లేదు.

"నువ్వే ఇచ్చినవ్ గదమ్మా," అంది. "నీ చేతులతోటి."

జవాను నా వైపు తిరిగాడు. నేనే ఇచ్చానని చెప్పాను. వినపడలేదంటే మళ్ళీ చెప్పాను. జనం తప్పుకున్నారు. వంగి ఆమె పండ్లు ఏరబోతే నా చెయ్యి పక్కకు నెట్టి తనే ఏరుకుంది. నలిగినవి ఒక పక్కన పెట్టింది, అవే ఎక్కువ. గంప నెత్తిన పెట్టుకుని లేచాక మాత్రం నా కూతురి వైపు చూసింది.

"ఏం పిల్లమ్మా ఇది. పేరడిగితె చెప్పలే, ఇల్లడిగితె చెప్పలే. నోరిప్పితె నన్ను ఇడిసిపెడ్తుండె."

ఆమె పేరు నేనూ అడగలేదు. తరువాత చాలా సాయంత్రాలు ఆ బండి వేళకు స్టేషనుకు వెళ్ళి నిలబడ్డాను. మళ్ళీ కనిపించలేదు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, ఆమె ముఖం కన్నా ఆ ఒరిగిన గంపే ముందు గుర్తుకొస్తోంది.

స్టేషనులో అది జరిగిన మర్నాడు పొద్దున, పాప చేతిలోనే ఇంటికొచ్చిన ఆ జామపండు కోసి ఇద్దరికీ చెరో ముక్క ఇచ్చాను. పాప తినకుండా నా మొహం చూసింది.

"తిను, ఫరవాలేదు," అన్నాను. "ఆవిడ నిన్ను ఎత్తుకుపోలేదు. నేనే ఇచ్చాను. ఇచ్చి, అబద్ధం చెప్పాను. ఇకమీదట ఎవరైనా మిమ్మల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పేరడిగితే, చెప్పండి."