జిజాన్ పెళ్లిహాల్లో మూడు చేతులు

రియాద్‌లో పిల్లాణ్ణి చూసుకునే పనిలో ఉన్నప్పుడు మా మేడమ్ నన్ను జిజాన్‌లో ఒక పెళ్లికి తీసుకుపోయింది. ఆడవాళ్ల హాలు వేరే. అక్కడ పాడేవాళ్లూ డప్పులు కొట్టేవాళ్లూ అందరూ ఆడవాళ్లే. జిగేలుమనే గౌన్ల మధ్య మేడమ్ కొడుకు సాలింను చంకనేసుకుని నేనూ పాట వింటా నిలబడినా.

"పెళ్లికొడుకు వస్తా ఉండాడు!" అని పాటకత్తె మైకులో చెప్పింది. రెప్పపాటులో హాలంతా నల్లబడింది. అందరూ బురఖాల్లాంటి నల్ల అబాయాలు వేసుకుని మొహాలు కప్పేసుకున్నారు. డప్పులు మాత్రం ఆగలేదు. సాలిం బెదిరిపోయి ఏడుపందుకున్నాడు. వాళ్లల్లో మా మేడమ్ ఎవరో నాకు తెలీలేదు.

పాటకత్తె అది చూసి పాటలోనే అడిగింది. "ఈ బిడ్డ తల్లి ఎవరమ్మా?"

మూడు చేతులు లేచినాయి.

 పెళ్లికొడుకు వెళ్లిపోయేదాకా బిడ్డను ఎవరికీ ఇవ్వకుండా గట్టిగా పట్టుకున్నా.

ముసుగులు తీసినాక మేడమ్ నవ్వింది. "ఒకటి నాది, ఒకటి మా అక్కది. ఆమె కూడా వీడికి పాలిచ్చింది. మాలో పాలిచ్చినామె కూడా తల్లే."

"మరి మూడో చెయ్యి?"

మేడమ్‌కు తెలీదు. పోయి పాటకత్తెను అడిగినా. ఆమె డప్పును సంచిలో పెట్టుకుంటా నా మొహంలోకి చూసింది.

"స్టేజీ మీద నుంచి హాలంతా కనబడతాది. లేచినవి రెండే చేతులు," అనింది.