మంచు మీద ప్రార్థనాంశం

ఎవరి గురించైనా ఏదైనా తెలియకపోతే నాకు లోపల పురుగు తొలిచినట్టుంటుంది. ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్లు ఏం వండుకుంటారో, ఆఫీసులో పక్క సీటాయన రోజూ మధ్యాహ్నం కార్లో కూర్చుని ఎవరితో మాట్లాడతాడో, అన్నీ కావాలి నాకు. ఇది తెలిసే నా స్నేహితురాలు ఆ పని నాకు అప్పగించింది. ఆఫీసు పని మీద మేముండే బెంటన్‌విల్ నుంచి మినసోటా వెళుతున్నానని చెప్పగానే ఆమె ముఖం వెలిగింది. ఆమె ఒక్కగానొక్క కూతురు అక్కడే ఉద్యోగం చేస్తోంది.

"దాన్ని కలిసి రావే. నా దగ్గర ఏదో దాస్తోంది. ఫోన్ చేస్తే 'ఐ యామ్ ఫైన్ మమ్మీ' అని కట్ చేసేస్తుంది. నువ్వయితే కూపీ లాగుతావు" అంది.

ఆ పిల్లకి ముప్ఫై దగ్గర పడుతున్నాయి. పుట్టింది, పెరిగింది ఇక్కడ అమెరికాలోనే, సగం మా ఇంట్లోనే. శనివారం ఖాళీయేనా అని మెసేజ్ పెడితే, "ఫిషింగ్‌కి వెళ్తున్నా ఆంటీ, వస్తారా?" అని జవాబిచ్చింది. సరస్సులన్నీ గడ్డకట్టి రాయిలా ఉండే ఫిబ్రవరిలో చేపలేమిటనుకున్నాను. పట్టేది ఆ గడ్డ మీద కూర్చునేనట. నేను బందరు మనిషిని. సముద్రంలో, కాలవల్లో, చేపల చెరువుల్లో పట్టడం చూశాను గానీ, నీటికి బోరు వేసి చేపని పైకి తీయడం ఎన్నడూ చూడలేదు. కూపీ సంగతి తర్వాత, ముందు ఇది చూడాలనిపించింది.

తెల్లవారాక వచ్చి నన్ను హోటల్ దగ్గర ఎక్కించుకుంది. నాకోసం ఒక జత బూట్లు, తన పాత మంచుకోటు తెచ్చింది. చేపలు పట్టడానికి ఒక్కరోజు లైసెన్సు కూడా ఆన్‌లైన్‌లో తీసిపెట్టింది. సరస్సు దగ్గరికి వెళ్లేసరికి దాని నడిమధ్యన ట్రక్కులు పార్క్ చేసి ఉన్నాయి. అంత బరువు మోస్తున్నది నన్ను మోయకపోదని తెలుసు, అయినా అడుగు పడలేదు. సరిగ్గా అప్పుడే కింద ఎక్కడో పెద్ద మూలుగు వినిపించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏసయ్యా! విరుగుతోందే!"

"లేదు ఆంటీ, అది గుడ్ సౌండ్. ఐస్ ఇంకా పెద్దది అవుతుంది, అందుకే అలా అరుస్తుంది. సైలెంట్‌గా ఉంటేనే నాకు భయం."

ఆ మాట నాకు భలే నచ్చింది. చెయ్యి పట్టుకుని నడిపించింది. ఇరవై ఏళ్ల కిందట బెంటన్‌విల్‌లో రోడ్డు దాటించడానికి నేను పట్టుకున్న చెయ్యే అది.

బ్యాటరీతో తిరిగే బోరు మర తనే పట్టుకుని గుండ్రంగా కన్నం వేసింది. గోడకి మేకు కొట్టాలన్నా మనిషిని పిలిచే మా ఆఫీసు కుర్రాళ్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. టిఫిన్ ప్లేటంత కన్నం, అందులో నల్లటి నీళ్లు. నీటి మీద తేలే మంచుముక్కల్ని ఒక గరిటెతో దేవి పక్కన పోసింది. ఆ గరిటె చూసి నేను ఉలిక్కిపడ్డాను. జంతికలు తీసే జల్లిగరిటె, కాడకి ఎర్రదారం చుట్టి ఉంది. చర్చి విందులో వాడి తిరిగివ్వలేదని నా స్నేహితురాలు రెండేళ్లుగా నన్ను సాధిస్తున్న గరిటె అది.

"ఇది మీ అమ్మది కదూ?"

"హా. అడగకుండా తెచ్చేశా" అంది, తలెత్తకుండా.

చిన్న గుడారం వేసి, లోపల హీటర్ వెలిగించింది. ఇద్దరం బోర్లించిన బకెట్ల మీద కూర్చున్నాం. చేపలు పట్టే గేలం ఇంత పొట్టిగా ఉంటుందని నాకు తెలియదు, అన్నం గరిటెంతే ఉంది. ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. నీళ్లు కింద ఎందుకు గడ్డకట్టవు? చేపలకి చలి వేయదా? ఎర ఏమిటి? ఏ సైజు ఉంచుకోవచ్చు, ఏది వదిలేయాలి? ఆ పిల్ల అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. మధ్యలో నాకే ఆశ్చర్యం వేసింది, పొద్దుటి నుంచీ తన గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు నేను.

కన్నం పక్కన ఒక చిన్న తెర పెట్టింది. నీళ్లలోకి దించిన తీగతో లోపల ఏముందో చూపిస్తుందట. బూడిదరంగు మీద తెల్లటి మచ్చలు కదులుతున్నాయి.

"ఇదేంటే, డాక్టర్లు తీసే స్కాన్‌లా ఉంది?" అన్నాను.

ఆ పిల్ల గ్లవ్ తీసి, మఫ్లర్ కింద మెడ మీద వేలు పెట్టుకుంది.

"నా స్కాన్ కూడా ఇలానే ఉంది ఆంటీ. థైరాయిడ్‌లో లంప్. బయాప్సీ క్లియర్‌గా రాలేదు. థర్స్‌డే సర్జరీ. తీసి టెస్ట్ చేస్తేనే క్యాన్సరా కాదా తెలుస్తుంది."

ఆ గడ్డ వల్ల ప్రమాదం లేదని తర్వాత తేలింది. కానీ ఆ రోజు మా ఇద్దరికీ అది తెలియదు.

"అమ్మకి చెప్పలేదా?"

"చెప్తే ప్రేయర్ పాయింట్ అయిపోతుంది."

మా తెలుగు చర్చిలో అలవాటు అది. ఎవరికి ఏ కష్టమొచ్చినా ప్రార్థనాంశంగా వాట్సాప్ గ్రూపులో పెడతాం, అందరూ ఆమెన్ అంటారు, అందరూ ఫోన్ చేస్తారు. భర్త పోయినప్పుడు నా స్నేహితురాలిని నిలబెట్టింది ఆ గ్రూపే. నెలల తరబడి వంతులేసుకుని అన్నం తెచ్చారు, పక్కన పడుకున్నారు. ఆమెకి భారం మోయడమంటే పదిమందితో కలిసి మోయడమే. అందుకే కూతురి ఎంగేజ్‌మెంట్ తప్పిపోయినప్పుడు కూడా మొదట గ్రూపులో పెట్టింది. గంట తిరక్కుండా రెడ్‌మండ్ నుంచి, శాంటా క్లారా నుంచి, వేరే రాష్ట్రాల్లో ఉండి గ్రూపులో చేరిన, ముఖం కూడా తెలియని ఆంటీలు ఆ పిల్లకి ఫోన్లు చేశారు. ఒకావిడ వాయిస్‌మెయిల్‌లోనే ప్రార్థన మొత్తం చేసేసింది. ఆ తర్వాత ఆ పిల్ల తల్లికి ఏమీ చెప్పడం మానేసింది.

"సర్జరీ తర్వాత ఎవరైనా ఇంటికి తీసుకెళ్లాలి, నైట్ నాతో ఉండాలి అన్నారు. ఫ్రెండ్స్ ఉన్నారు. కానీ..." అని ఆగింది. "నాకు మమ్మీ కావాలి ఆంటీ. గ్రూప్ వద్దు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది. అదే క్షణాన నా గేలం వంగింది. "లాగండి, లాగండి" అని తను అరిచింది, ఏడుస్తూనే లాగాను. పచ్చటి చారల చేప, అరచేతి కన్నా కాస్త పెద్దది. పెర్చ్ అంటారట. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, నీచు వాసనే లేదు. మంచు మీద పెట్టగానే బిగుసుకుపోయింది. ఇదేం చేపే, వాసన కూడా గడ్డకట్టిందా అంటే ఆ పిల్ల ముక్కు చీదుకుంటూ నవ్వింది.

ఫోన్ నన్నే చేయమంది. తను చేస్తే ఇద్దరూ ఏడుస్తారట. చేశాను.

"నీ జల్లిగరిటె దొరికింది" అని మొదలుపెట్టాను, ఎలా మొదలుపెట్టాలో తెలియక. తర్వాత అంతా చెప్పాను.

"టికెట్ బుక్ చేస్తున్నా. వెడ్నెస్‌డేకల్లా అక్కడుంటా" అంది అంతా విని.

"రా. కానీ గ్రూపులో పెట్టకు. అదొక్కటే అడుగుతోంది."

"పాస్టర్ గారికి ఒక్కరికే చెప్తానే."

"వద్దు."

"మరెవరు ప్రార్థన చేస్తారే? ఇంత భారం నేనొక్కదాన్నే ఎలా మొయ్యను?"

"నువ్వూ నేనూ ఉన్నాం కదే."

ఫోన్ పెట్టేసింది. సరేనని మాత్రం అనలేదు.

"ప్రామిస్ చేసిందా?" అని అడిగింది ఆ పిల్ల.

"వస్తానంది" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. తలూపి మళ్లీ జల్లిగరిటె అందుకుంది.

మధ్యాహ్నమంతా మా చూపు కన్నం మీద కన్నా నా ఫోన్ మీదే ఉంది. నేను గ్రూపులో ఉన్నాను, ఆ పిల్ల లేదు. ఇంకో నాలుగు చేపలు పడ్డాయి, చిన్నవి రెండు వదిలేసింది. నాకు కోపం కూడా వచ్చింది. కన్నబిడ్డ కోసం ఒక్క వారం నోరు కట్టుకోలేదా ఈవిడ అని లోలోపల తిట్టుకున్నాను. పొద్దు వాలుతుండగా గుడారం మడుస్తుంటే ఫోన్ మోగింది. గ్రూపు. పంపింది నా స్నేహితురాలే.

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. తనకి తెలుగు చదవడం రాదు. "పైకి చదవండి ఆంటీ" అంది. చదివాను.

"ప్రైజ్ ది లార్డ్. అత్యవసర ప్రార్థనాంశం. మన సిస్టర్ ఒకరు మినసోటాలో గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి వెళ్లారు. ఈ వయసులో ఎవరు చెప్పినా వినరు. ఏ అపాయమూ రాకుండా, ముఖ్యంగా ఆ చలికి గొంతుకి ఏమీ కాకుండా దేవుని హస్తం కాయాలని అందరూ భారంతో ప్రార్థించండి. గురువారం అయ్యేదాకా ఎవరూ మానొద్దు."

ఆ సిస్టర్ నేనే. నేను మినసోటా వచ్చానని గ్రూపు మొత్తానికీ తెలుసు. ఆ పిల్ల బకెట్ మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. నా ఫోన్‌లో ఆమెన్ల మీద ఆమెన్లు పడుతున్నాయి. రెడ్‌మండ్ ఆవిడ అప్పుడే అడిగేసింది, "అక్కా, ఐస్‌లో పడ్డారా? గొంతుకి ఏమైంది?" అని.

గ్లవ్ తీసి, చల్లబడ్డ వేళ్లతో జవాబు కొట్టాను. "పడలేదు సిస్టర్. గొంతు సంగతి ఇంకా తెలియదు. గురువారం దాకా నాకోసం ప్రార్థన మానకండి."