మగ్గం ఇంట్లో నైలాన్ చీర

అప్పట్లో మా ఇంట్లో చీరలు పుట్టేవే కానీ ఉండేవి కావు. పాత బెంగళూరు పేటల్లో ఒక సన్నటి సందు మాది. సందుకు రెండువైపులా మగ్గాల ఇళ్ళే. మా ముందుగదిలో సగం నాయన మగ్గానిది. మిగిలిన సగంలో మేం తినేవాళ్ళం, పడుకునేవాళ్ళం, చుట్టాలొస్తే కూర్చోబెట్టేవాళ్ళం. నాయన మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేసేవాడు. అమ్మ వాకిలి పక్కన కూర్చుని రాట్నం తిప్పుతూ పట్టుపోగును కండెలకు చుట్టేది. చీర పూర్తయితే నాయన దాన్ని పాత పంచెలో చుట్టి, చంకన పెట్టుకుని చిక్కపేటలో షావుకారుకు అప్పజెప్పి వచ్చేవాడు. దాన్ని ఎవరో ఒక పెళ్ళికూతురు కట్టుకునేది. ఆ పిల్ల ఎవరో మాకు ఎన్నడూ తెలిసేది కాదు. (చిన్నప్పుడు బజార్లో పట్టుచీర కట్టుకున్న ఏ ఆవిడ కనబడినా "అది మా నాయన నేసిందే" అని అమ్మ చెవిలో చెప్పేదాన్ని. అమ్మ "ఊఁ" అనేది. ఎంతమంది విషయంలో కాదంటుంది పాపం!)

అమ్మ కట్టుకునేవి మాత్రం నూలు చీరలు. అవీ ఒకటి ఒంటిమీద, ఒకటి తీగమీద అన్నట్టుండేవి. బెంగళూరు ముసురు ఎరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో తీగమీద బట్ట ఆరేది కాదు. అమ్మ కుంపటిమీద పట్టుకుని కాసేపు చూసి, ఇక లాభం లేదని ఆ తడిచీరే చుట్టుకునేది. వానాకాలమంతా అమ్మ దగ్గర తడిబట్ట వాసన వచ్చేది. దగ్గు కూడా ఆ వాసనతోపాటే వచ్చి, ఆ వాసనతోపాటే పోయేది. మేం అది వానాకాలం గుణం అనుకునేవాళ్ళం గానీ, తడిచీర గుణం అనుకోలేదు.

నేను ఎస్సెస్సెల్సీ గట్టెక్కాక ట్రంకు టెలిఫోను ఎక్స్‌చేంజీలో ఉద్యోగం వచ్చింది. మా సందులో ఉద్యోగానికి పోయిన మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి నడకలోనే తేడా వచ్చేసింది. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని "నంబర్ ప్లీజ్" అంటుంటే, నేను బోర్డులో ఒక తాడు పీకితే మద్రాసుకూ బెంగళూరుకూ మాటలుండవన్నంత గర్వం. (నిద్రలో కూడా "నంబర్ ప్లీజ్" అంటున్నానని నాయన చెప్పి నవ్వేవాడు.) మొదటి జీతం అమ్మ చేతిలో పెడితే, కొంత తిరిగి నా చేతిలోనే పెట్టి, "నీకేమన్నా తెచ్చుకోపో పాపా" అంది. నాకేం వద్దు, అమ్మకే ఒక చీర కొనాలని అక్కడికక్కడే అనుకున్నాను. ఆరే చీర. అంతకుమించి ఆలోచించలేదు.

నాతో పనిచేసే ఒక అమ్మాయి ఉండేది. కోలారు పిల్ల. ఆమెకు మేం పెట్టిన పేరు లైట్నింగ్ కాల్. ఆ రోజుల్లో ట్రంకు కాల్స్‌లో అన్నింటికన్నా త్వరగా దొరికే కాల్ అది. ఈ పిల్ల కూడా ఏ సంగతైనా మనం సగం చెప్పేలోపే తేల్చిపారేసేది. "నైలాన్ కొనవే, సుమ్నే ఊరికే ఆలోచిస్తా కూర్చోకు" అని నన్ను కమర్షియల్ స్ట్రీటుకు లాక్కుపోయింది. చిక్కపేటకు పోకపోవడానికి కారణం ఉంది. అక్కడ ఏ కొట్టు మెట్టెక్కినా "నువ్వు ఫలానా ఆయన కూతురివి కదా" అంటారు.

కొట్టాయన మమ్మల్ని కూర్చోబెట్టి, "ఎవురికమ్మా?" అన్నాడు. "మా అమ్మకు" అన్నాను. "పొడుగెంత ఉంటారు?" నా చెవి వరకు చెయ్యి పెట్టి చూపించాను. "ఏ రంగు ఇష్టం ఆమెకు?" అన్నాడు. నేను నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. మా ఇంట్లో అన్ని రంగులూ అమ్మ చేతిమీదుగానే పోయేవి. నెమలికంఠం, వంగపండు, మిరపపండు, ఏ రంగు పట్టు కండె అయినా ఆమె చుట్టినదే. అమ్మకు వాటిలో ఏది ఇష్టమో మాత్రం నాకు తెలియదు. ఆమె ఎన్నడూ ఒక రంగు చూపించి "ఇది నాకు" అనగా నేను వినలేదు. నేను అరల్లో రంగులన్నీ చూస్తూ కూర్చుంటే, లైట్నింగ్ కాల్ "ఉల్లిపొర రంగు తియ్యండి" అని తేల్చేసింది. నీలం చిన్న పువ్వులు అచ్చేసిన ఉల్లిపొర రంగు చీర బయటికొచ్చింది. కొట్టాయన ఆ చీరను గుప్పెట్లో నలిపి వదిలాడు, ముడత లేదు. లైట్నింగ్ కాల్ వేలి ఉంగరం అడిగి తీసుకుని, చీర మొత్తం అందులోంచి లాగేశాడు. కూజాలో నీళ్ళు కొంగుమీద చల్లి, రెండుసార్లు దులిపి, "చూడమ్మా, ఆరిపోయె!" అన్నాడు. నేను చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే ఆరిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. (లైట్నింగ్ కాల్ "చీరకు ఏడ్చేదేంది?" అని మోచేత్తో పొడిచింది.)

ఇంటికొచ్చేసరికి నాయన మగ్గంలో ఉన్నాడు, అమ్మ రాట్నం దగ్గర ఉంది. పొట్లం విప్పి అమ్మ ఒళ్ళో వేశాను. "నీకే. నీళ్ళు పోస్తే నిమిషంలో ఆరిపోతాది" అని గొప్పగా చెప్పాను. అమ్మ చీరను చూడలేదు. మగ్గం వైపు చూసింది. అప్పటిదాకా పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగాక గానీ నాకు తట్టలేదు, నేను ఎవరి ఇంటికి ఏం తెచ్చానో.

నాయన గుంతలోంచి లేచి, చేతులు తుడుచుకుని వచ్చి, చీర అంచు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. తిప్పి వెనకవైపు చూశాడు. వెలుతురుకెత్తి చూశాడు.

"ఎవురు నేసినారు దీన్ని?"

"మిషన్లో నేస్తారంట నాయనా."

"మిషన్ కాడ మనిషి ఉండడా?"

"ఉంటాడేమో."

"ఉంటాడు. పోగు తెగితే ముడేసేదానికైనా ఒకడు ఉండాల" అన్నాడు. చీర మడతపెట్టి అమ్మకిస్తూ, "బాగుండాది. వానాకాలానికి పనికొస్తాది, కట్టుకో" అన్నాడు. మళ్ళీ గుంతలో దిగాడు. చాలాసేపు నాడె ఆడలేదు. ఆడినప్పుడు కూడా, పుట్టినప్పటినుంచీ వింటున్న నాకు అది మా ఇంటి చప్పుడులా అనిపించలేదు.

అమ్మ ఆ చీరను పెట్టె అడుగున పెట్టేసింది. రోజులు గడుస్తున్నాయి, ముసురు పడుతూనే ఉంది, అమ్మ తడిచీరే కడుతోంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఆయన ఎదురుగా ఎట్ల కట్టేది పాపా?" అంది అమ్మ. "ఆయన చేతిది ఒకటన్నా కట్టిండలేదు నేను. మొదట ఇది కడితే ఆయనకు ఎట్లుంటాది?"

"అయితే వాపసు ఇచ్చేస్తా."

"ఇచ్చేస్తే నీకు ఎట్లుంటాది?"

నేను వాపసు మాట మళ్ళీ ఎత్తలేదు. మరో రోజు పని తొందరగా ముగిసి ఇంటికొస్తే, నాయన షావుకారు దగ్గరకు పోయి ఉన్నాడు. అమ్మ లోపల ఆ చీర కొంగు భుజాన వేసుకుని, చిన్న చేతి అద్దంలో చూసుకుంటోంది. అద్దంలో ముఖం కనబడితే కొంగు కనబడదు, కొంగు కనబడితే ముఖం కనబడదు. అద్దాన్ని కిందికీ పైకీ జరుపుకుంటూ ఉంది. నేను చప్పుడు చేయకుండా బయటికెళ్ళి, వీధిలో కాసేపు నిలబడి, కావాలనే దగ్గుతూ లోపలికొచ్చాను.

ఆ తర్వాత మా మేనమామ కూతురి పెళ్ళి వచ్చింది, దొడ్డబళ్ళాపురంలో. బయల్దేరే పొద్దున అమ్మ తన పుట్టింటివాళ్ళు పెట్టిన పెళ్ళినాటి చీర తీసింది. మడతల దగ్గర అది చీలిపోయి ఉంది. నాయన చూశాడు.

"పాప తెచ్చింది యాడ పెట్టినావు? అది కట్టుకో."

"వద్దులెండి. అక్కడ అందరూ మగ్గాలోళ్ళే ఉంటారు."

"ఉండనీ. ముందుకు ఏం వస్తా ఉండాదో వాళ్ళకీ తెలియాల కదా" అన్నాడు నాయన.

అమ్మ కట్టుకుంది. కట్టుకుందనడం కన్నా ఆ చీరతో కుస్తీ పట్టిందనడం నిజం. కుచ్చిళ్ళు పెడితే జారిపోయేవి, కొంగు వేస్తే దిగిపోయేది. ఇంట్లో ఉన్న పిన్నీసులన్నీ పెట్టి, చాలక పక్కింట్లో అడిగి తెచ్చి, మొత్తానికి నిలబెట్టాం. నిండుబిందె నెత్తిన పెట్టుకున్నదానిలా అమ్మ ఆ రోజంతా మెల్లగా నడిచింది.

పెళ్ళింట్లో ఆడవాళ్ళందరూ చుట్టూ మూగారు. ఒకరు కొంగు పట్టుకుని లాగితే, ఇంకొకరు పిన్నీసు ఊడిందని అరిచారు. మగవాళ్ళు పట్టించుకోనట్టు నటిస్తూ, పక్కనుంచి పోతూ పోతూ వేళ్ళతో తాకి చూశారు. అక్కడ మా నాయనకు పెదనాన్న వరస ఒక ముసలాయన ఉండేవాడు. మేం అంచు తాత అనేవాళ్ళం. మనిషి ఎదురైతే ముఖం కన్నా ముందు చీర అంచు చూసేవాడు. ఆయన అమ్మను చూసి, పందిట్లో అందరికీ వినబడేలా అన్నాడు:

"ఏమప్పా, మగ్గం ఎత్తి పెట్టేసినావా? ఇంటి ఆడమనిషికి గాలి కట్టించి పిలుచుకొస్తివే!"

కొందరు నవ్వారు. అమ్మ తల దించుకుంది. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోదామనిపించింది. నాయన చేతిలో ఉన్న తమలపాకు ఆకులపళ్ళెంలో పెట్టేసి, నిదానంగా చెప్పాడు.

"నా కూతురు తెచ్చింది పెదనాయనా. వాళ్ళమ్మ తడిచీరలో తిరగకూడదని, జీతం తీసుకుని తెచ్చింది. నేను ఇన్నేండ్లు గుంతలో కూర్చుని ఆ పని చేయలేకపోతిని."

అంచు తాత అమ్మ కొంగు చివర పట్టుకుని వెనకా ముందూ చూశాడు. తర్వాత నా వైపు వంగి, గొంతు తగ్గించి, "పాపా, నిజంగా ఎంతసేపట్లో ఆరుతాది?" అని అడిగాడు. (తర్వాత ఆయన తన ముసలామెకు ఒకటి తెప్పించుకున్నాడని విన్నాను.)

అంతా బాగానే ఉందనుకునేలోపు, హోమం దగ్గర కూర్చున్న అమ్మ కొంగుమీద నిప్పురవ్వ పడింది. నూలు చీరైతే చేత్తో నలిపేస్తే పోయేది. ఇది శనగగింజంత మేర కరిగి, అంచులు పాకంలా గట్టిపడ్డాయి. అమ్మ ఆ చోటును గుప్పెట్లో దాచుకుని ఎవరికీ చెప్పలేదు. తిరుగు బస్సులో కూడా ఆ గుప్పిట విప్పలేదు. నిద్రపోతున్నప్పుడు వేళ్ళు సడలితే నాయన చూశాడు, నేనూ చూశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం నాయన మగ్గంలోకి దిగలేదు. కిటికీ దగ్గర చాప వేసుకుని, ఆ కొంగు ఒళ్ళో పరుచుకున్నాడు. గట్టిపడిన అంచును చిన్న కత్తెరతో తీసేసి, వెనక పట్టుగుడ్డ ముక్క పెట్టి, మగ్గంమీద మిగిలిన మిరపపండు రంగు పట్టుపోగు సూదికెక్కించాడు. వెలుతురు తగ్గేదాకా వంగిన తల ఎత్తలేదు. ఆ చిల్లు ఉన్నచోట పట్టుచీరల్లో వేసే మామిడిపిందె ఆకారం బుట్ట ఒకటి తేలింది, నాలుగువైపులా జరీ పోగుతో. ఉల్లిపొర రంగుమీద, అచ్చు నీలంపువ్వుల మధ్య, అది ఏ వరసకూ చెందనట్టు ఒంటరిగా ఉంది. నాయనకు అది నచ్చలేదు.

"కుదర్లేదు. ఈ బట్టమీద పట్టు నిలబడదు" అన్నాడు. సూది పక్కన పెట్టి, "ఇంతకాలం ఊర్లో వాళ్ళకంతా నేస్తిని. నీకని ఒకటి నేసిండలేదు" అన్నాడు.

అమ్మ కొంగు చేతిలోకి తీసుకుని, ఆ బుట్టను బొటనవేలితో రాసి చూసింది.

"ఇప్పుడు నేస్తిరి కదా" అంది. "ఇంతకన్నా నాకేం కావల్ల?"

మరునాడు పొద్దున పెళ్ళీ పేరంటం ఏమీ లేకపోయినా, ముసురు లేకపోయినా, అమ్మ ఆ చీర కట్టుకునే రాట్నం దగ్గర కూర్చుంది. కొంగు ఎప్పుడూ బుట్ట కనబడేలా వేసుకునేది. సందులో ఆడవాళ్ళు "ఈ మోడలు యా అంగట్లో దొరుకుతాది?" అని నా ప్రాణం తీశారు. ఒకామె ఊరుకోకపోతే, లైట్నింగ్ కాల్ ఆమెను నిజంగానే కమర్షియల్ స్ట్రీటుకు పిలుచుకుపోయి, "ఒకే ఒక బుట్ట ఉండే నైలాన్ చీర చూపించండి" అని కొట్టాయన్ని సాయంత్రందాకా సతాయించింది.

తర్వాత కొన్నేళ్ళకు మా సందులో మగ్గాలు ఒక్కొక్కటే తగ్గాయి. మాదీ పోయింది. గుంతను మట్టితో పూడ్చి, పైన సిమెంటు వేసి, అక్కడ మంచం వేశాం. నాయన ఆ మంచంమీద కూర్చున్నప్పుడల్లా కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసేవాడు. ఇప్పుడు నాయనా లేడు, అమ్మా లేదు. తొందరపడి చీర కొన్న ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. అయినా ఇవాళ ఎవరైనా అడిగితే, మళ్ళీ అదే కొంటానని చెబుతాను.

మొన్న మా చిన్న కోడలు తన కొత్త ఉద్యోగం జీతంలో నాకొక చీర తెచ్చింది. చిలకపచ్చ. దానిమీద మెరిసే చుక్కలు. ఈ వయసులో నాకు ఆ రంగేమిటని నా చెల్లెలు ఫోనులో పకపక నవ్వింది. కోడలు "బాగుందా అత్తయ్యా?" అని అడిగేలోపే లోపలికెళ్ళి కట్టుకున్నాను. అద్దంలో చూసుకుంటే నాకూ నవ్వొచ్చింది. మార్చుకోకుండా, అలాగే సంచి పట్టుకుని కూరగాయలకు వెళ్ళొచ్చాను.