చెంచురామయ్య గారి సందేహాలు

చెంచురామయ్య గారికి ఒక్కటే జబ్బు. నిన్న చెప్పిన దాన్ని ఇవాళ మళ్ళీ అడుగుతారు. రేపు కూడా అడుగుతారు. ఆదివారం సెలవు కాబట్టి ఊరుకుంటారు.

రెండువేల రెండులో అల్లూరులో రొయ్యల మేత కొట్టు పైగదిలో నేను ఇంటర్నెట్ పాఠాలు చెప్పేవాణ్ణి. నాకు ఇరవై రెండేళ్ళు. నెల్లూరులో మూడు నెలల కోర్సు చేసి వచ్చానని జేబులో రెండు పెన్నులు, ఒంటినిండా పొగరు. ఎనిమిది మందికి ఒకటే కంప్యూటరు. యాభై దాటిన చెంచురామయ్య గారు రొయ్యల గుంటల మీద సూపర్‌వైజరు. బురద కాళ్ళు మెట్ల దగ్గర కడుక్కుని వచ్చి ముందు వరసలో కూర్చునేవారు.

"సారూ, సర్వర్ అంటే ఏంది?"

"పెద్ద కంప్యూటరండీ. మనం అడిగే పేజీలు అందులో ఉంటాయి. నిన్ననే చెప్పాను."

"యాడుంటది?"

"ఎక్కడో అమెరికాలో."

"అక్కడ కరెంటు పోతే? మా గుంటల కాడ జనరేటర్ ఉండాది. వాళ్ళకుండాదా?"

మరుసటి రోజు వెబ్‌సైటు. "సైటంటే ఎన్ని అంకణాలుంటది సారూ?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. అది అంకణాల్లో కొలిచే స్థలం కాదనీ, ఎవరి వివరాలు వాళ్ళు పెట్టుకునే పేజీలనీ గొంతు పోయేలా చెప్పాను. ఆ మరుసటి రోజు కూడా అదే ప్రశ్న. కాకపోతే అంకణాలు తీసేశారు.

ఒకరోజు మా సెంటరు ఓనరు నరేంద్రబాబు గారు తనిఖీకి వచ్చారు. "నెల రోజుల్లో బాగా నేర్చుకున్నారా?" అని అడిగారు. ముందు వరసలో చెయ్యి లేచింది. "నేర్చుకున్నాం సారూ. ఇంతకీ ఇంటర్నెట్ అంటే ఏందో ఇంకోసారి చెప్పమనండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఓనరు వెళ్ళగానే అందరి ముందూ అనేశాను. "ఈ వయసులో ఇది మీ బుర్రకెక్కదు. రేపటినుంచి రాకండి." ఆయన "సరే సారూ" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత వారం రోజులు క్లాసు ఎంత ప్రశాంతంగా జరిగిందో! ఒక్క ప్రశ్న లేదు. నేను చెప్పుకుంటూ పోయాను, వాళ్ళు తలలూపుకుంటూ పోయారు.

క్లాసులో నవోమి అనే అమ్మాయి ఉండేది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. బోగోలు దగ్గర రొయ్యపిల్లల్ని పెంచి అమ్మే ఒక హేచరీ ఆఫీసులో ఉద్యోగం ఖాళీ ఉంది. సోమవారం పరీక్ష: బయోడేటా జత చేసి ఈమెయిల్ పంపి చూపించాలి. శనివారం ఆమెను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "అటాచ్ చెయ్యమ్మా" అన్నాను. ఆమె చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

"నాకు రాదు సార్."

"పదిసార్లు చెప్పాను కదా! రాకపోతే అడగొచ్చుగా?"

"మొదటి రోజు ఈమెయిలుకి స్టాంపు ఎంత అని అడిగితే మీరు నవ్వినారు సార్. అందరూ నవ్వినారు. ఇంక నేను అడగలా. నాకు తెలీనివి బస్టాండు కాడ పెదనాయనకి చెప్పేదాన్ని. మర్నాడు ఆయన మిమ్మల్ని అడిగేవాడు."

"ఏ పెదనాయన?"

"చెంచురామయ్య పెదనాయన."

వెనక వరసలో స్థలాల బ్రోకరు మాల్యాద్రి నెమ్మదిగా లేచాడు. "అంకణాల సందేహం నాది సార్."

అప్పటికప్పుడు సైకిలు తీసుకుని గుంటల దగ్గరికి వెళ్ళాను. ఆయన చెక్క వంతెన చివర కూర్చుని, తాడు పట్టి నీళ్ళలోంచి ఒక జల్లెడలాంటి పళ్ళేన్ని పైకి లాగుతున్నారు.

"తప్పయింది చెంచురామయ్య గారూ. నవోమి చెప్పింది. మీకన్నీ తెలిసే అడిగేవారా?"

"అన్నీ తెలీదులే సారూ." పళ్ళెం నాకు చూపించారు. "ఇది చెక్ ట్రే. గుంటంతా మేత చల్లి, ఇందులో రవ్వంత వేసి ముంచుతాం. రెండు గంటలకి ఎత్తి చూస్తే, తిన్నాయో మిగిల్చినాయో తెలస్తది. మీరు మేత బాగానే చల్లతారు సారూ. ట్రే ఎత్తరు. అందుకని నేను ఎత్తతా ఉన్నా."

ఆ మాట ఆయన కోపంతో అన్నా బాగుండేది. తల దించుకుని, రేపు ఆదివారమైనా క్లాసు పెడతాను, రమ్మని బతిమాలాను.

వచ్చారు. ముందు వరసలో కూర్చుని చెయ్యెత్తారు. "సారూ, అటాచ్‌మెంట్ అంటే ఏంది?"

చెప్పాను. ఆయన ఓరగా నవోమి మొహం చూసి, "అర్థం కాలా" అన్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ చూసి, "ఇంకా రవ్వంత ఉండాది సారూ" అన్నారు. మూడోసారి నేనూ నవోమి మొహమే చూస్తూ చెప్పాను. ఆమె చిన్నగా తలూపింది. "ఇప్పుడర్థమైంది!" అన్నారాయన.

సోమవారం నవోమి పరీక్షకు వెళ్ళి ఉద్యోగంతో తిరిగొచ్చింది. మంగళవారం క్లాసు మొదలుపెట్టానో లేదో ముందు వరసలో మళ్ళీ చెయ్యి లేచింది. "సారూ, పాస్‌వర్డ్ అంటే ఏంది?"

నేను అందరి మొహాలూ వరసగా చూశాను. ఎవరి మొహంలోనూ సందేహం కనిపించలేదు. దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను. "ఇది ఎవరిదండీ?"

చెంచురామయ్య గారు తల గోక్కున్నారు.

"ఇది మాత్రం నాదే సారూ."