సుందరమ్మ పిడికిలి

జమ్మలమడుగులో ఆర్గాను ఏలీయా సారంటే తెలియని ఇల్లు లేదు. పులివెందుల పక్క పల్లెలో పుట్టి, తల్లీతండ్రీ లేక మిషను హాస్టల్లో పెరిగినాడు. బెల్జియం దేశం నుంచి వచ్చిన ఫ్లెమిష్ భాష మాట్లాడే దొర ఒకాయన, పిల్లోని వేళ్లు పొడుగ్గా ఉండాయని చూసి, చర్చిలో కాళ్లతో తొక్కుతా వాయించే ఆర్గాను ముందర కూర్చోబెట్టినాడు. దొర వాళ్ల దేశం పోయినాక ఆ ఆర్గాను పీట ఏలీయాదే అయింది. ఆదివారం చర్చిలో వాయించేది, తక్కిన దినాలు బస్సెక్కి ప్రొద్దుటూరు షావుకార్ల ఇళ్లలో ఆడపిల్లలకు హార్మోనియం నేర్పేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు ఆయనకు విషజ్వరం పట్టింది. మనిషి బతికినాడు గానీ చెవులు పోతా వచ్చినాయి. నేర్చుకునే పిల్లల తప్పులు వాళ్ల వేళ్లు చూసి పట్టేవాడు. ఈ సంగతి తెలిసింది భార్య సుందరమ్మకు ఒక్కదానికే. బయటపడితే పీట పోతుంది. పీట పోతే షావుకార్లూ రావద్దంటారు. అన్నిటికంటే, ఆ పీట లేకుంటే తన మొగుడు మనిషిగా మిగలడని ఆమె భయం.

పుస్తకంలో అచ్చయిన పాటలతో తిప్పలు లేవు, అవి ఆయన వేళ్లకే వచ్చు. తెలుగు కీర్తనలతోనే తంటా. వాటిని ఎత్తుకునేది ఆడవాళ్లు. ఒక వారం నాలుగు శ్రుతిలో ఎత్తుకుంటారు, ఇంకో వారం గొంతు పెంచి ఐదున్నరకు పోతారు. ఆర్గాను వాళ్ల గొంతును అందుకోవాల. అందుకే సుందరమ్మ మొదటి చాప మీద, ఆయన కంటికి ఎదురుగా కూర్చునేది. నాలుగు శ్రుతి అయితే మోకాలి మీద నాలుగు వేళ్లు. ఐదున్నర అయితే ఐదు వేళ్లూ చాపి, అరకు గుర్తుగా రెండో చేతి వేలొకటి మడిచి పెట్టేది. పాట ముగిస్తే పిడికిలి.

ఇంట్లో సాధన చేస్తాంటే పక్కింటి ఖాతూన్‌బీ ఒకసారి చూసేసింది.

"ఏందే సుందరమ్మా, మొగునికి వేళ్లు చూపించి బెదిరిస్తాండావు?"

"లెక్కలు నేర్పిస్తాండా వదినా."

"అట్లయితే మా ఆయన్ని కూడా పంపిస్తా. సంతకు పోతే శానా మోసపోయి వస్తాడు!"

ఇట్లా ఏండ్లు గడిచినాయి. ఆంధ్రప్రదేశ్ వచ్చినాక చర్చికి కొత్త పాదిరి అయ్యగారు వచ్చినాడు. "వాయించే మనిషి ఆడవాళ్ల మొగాలు చూస్తా కూర్చునేదేంది?" అని ఆర్గానును గోడ పక్కకు తిప్పించాలన్నాడు. సుందరమ్మ సంఘపెద్ద పాలయ్య ఇంటికి పరిగెత్తింది.

"మామా, తిప్పొద్దని చెప్పు."

"ఏమ్మా, నీ మొగుని మొగం చూడకుండా ఒక గంట ఉండలేవా?" పాలయ్య నవ్వినాడు. కారణం చెప్పలేక ఆమె తలొంచుకొని వచ్చేసింది.

ఆర్గానును గోడకు తిప్పేసిన వారమే కోత పండగ వచ్చింది. చర్చి నిండా జొన్న కంకులు, గుమ్మడికాయలు. ఆడవాళ్లు ఆ దినం సంతోషంగా ఐదున్నరలో ఎత్తుకున్నారు. గోడకు మొగం పెట్టిన ఏలీయా నాలుగే అనుకున్నాడు. పాట ఒక దారి, ఆర్గాను ఒక దారి. పిల్లకాయలు నవ్వినారు. గొంతులు ఒకటొకటే తగ్గి పాట నిలిచిపోయింది. ఆయన మాత్రం తల ఊపుకుంటా తొక్కుతానే ఉండాడు.

"సార్! నిలపండి సార్!" అయ్యగారు అరిచినాడు.

సుందరమ్మ లేచింది. "యాడికి పోతాండావు?" అని పక్కామె కొంగు పట్టుకున్నా ఆగలేదు. ఆడవాళ్లు దాటని మెట్టు దాటి, మొగుని వీపు మీద పిడికిలి ఆనించింది.

ఆర్గాను ఆగిపోయింది. ఆయన తల తిప్పి, చెవిటివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా అడిగినాడు: "ఐదున్నరా?"

చర్చి అంతా విన్నది.

సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. బయట మెట్ల మీద ఎదురుచూస్తాన్న సుందరమ్మ దగ్గరికి పాలయ్య వచ్చినాడు. "వేరే మనిషిని పెడతారంట తల్లీ. నాతో ఆ దినమే నిజం చెప్పింటే ఆర్గాను తిప్పనిచ్చేవాణ్ణి కాదు కదా."

"చెప్పింటే పీట ఉంచేవాళ్లా మామా?"

పాలయ్య తువ్వాలుతో మొగం తుడుచుకున్నాడు.

ఆమె ఇంటికొచ్చేసరికి ఏలీయా హార్మోనియం ముందర కూర్చోని ఉండాడు. "వచ్చే వారం ఏ కీర్తనంట?" అన్నాడు.

సుందరమ్మ మోకాలి మీద పిడికిలి పెట్టింది. ఆయన ఆ పిడికిలిని రెండు చేతులా పట్టుకొని, ఒక్కొక్క వేలే విప్పబోయినాడు. ఆమె విప్పనియ్యలేదు.