నిలాకు మార్కు వేసిన అయ్యవారు

మా తెలుగు అయ్యవారు పోయిన నెల తిరుత్తణిలో కన్నుమూశారు. ఆ కబురు నాకు తమిళంలో వచ్చింది, పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో. అందులో తెలుగు రాయగలిగేవాళ్లం పట్టుమని నలుగురం లేము.

పొదటూరుపేట బడిలో ఆయన మాకు చెప్పేవారు. అది మగ్గాల ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఏ మాట ఏ భాషదో పిల్లలకు పట్టేది కాదు. ఆరో తరగతి పరీక్షలో చందమామ బొమ్మ కింద పేరు రాయమంటే నేను గుండ్రటి తెలుగు అక్షరాలతో ‘నిలా’ అని తమిళ మాట రాశాను. కాగితాలు పంచేటప్పుడు తరగతంతా నవ్వింది. సంగతి హెడ్‌మాస్టరు దాకా పోయింది. పిల్లను తమిళ సెక్షనుకు మార్చమని ఆయన మా నాయనకు చెప్పి పంపారు. నాయన సరేనన్నాడు. మగ్గం నేసేవాడికి ఏ సెక్షనైతేనేం. నేను మాత్రం ఏడ్చాను.

ఆ సాయంత్రం అయ్యవారు మా ఇంటికి వచ్చి, మగ్గం ఆపించి మరీ మాట్లాడారు.

“పాప తప్పు రాయలేదన్నా. నెల, నిలా ఒకటే ఇంటి బిడ్లు. తమిళంలో అది చందమామగానే ఉండిపాయ. మన కాడ దినాలు లెక్కబెట్టే పనికి పోయింది. వెన్నెల అంటామే, దాంట్లో ఇంగా ఆ పాత చందమామ ఉండాది. నేను మార్కేసినా. పాపను ఈడనే ఉండనీ.”

నాయనకు ఎంత అర్థమైందో తెలియదు. గడపలోకి వచ్చి అడిగిన మనిషిని కాదనలేకపోయాడు.

ఆ తర్వాత అయ్యవారు ఆ మాటల వెంటపడ్డారు, మమ్మల్నీ లాక్కుపోయారు. తమిళంలో తింగళ్ అంటే చంద్రుడు, నెల కూడా. ఇంగ్లీషు మూన్, మన మాసం దూరపు చుట్టాలు, కొలతలోంచి వచ్చినవి. చంద్రుడనే మాటేమో మెరుపులోంచి. “కొందురు దినాలు కొలిచినారు, కొందురు వెలుగు చూసి మురిసినారు. పేర్లు అట్ల పడినాయి” అనేవారు. జాబిల్లి యాడనుంచి వచ్చిందంటే మాత్రం ఏటా ఒకటే జవాబు, తెలీదని. ఏదో ఒకటి అల్లి చెప్పినా మేము నమ్మేవాళ్లమే. ఆయన అల్లలేదు. కోపిష్టి, సుద్దముక్కలు విసిరేవారు, గురి తప్పేది.

నేనిప్పుడు తిరువళ్లూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో తెలుగుతో పని లేదు. కానీ నాకు ఇష్టమైన పుస్తకాలన్నీ తెలుగులోనే చదువుకున్నాను. అది ఆయన పెట్టిన భిక్షే.

పెద్దకర్మ నాడు వాళ్లింటికి వెళ్లాను. బయల్దేరుతుంటే ఆయన మనవరాలు గేటు దాకా వచ్చింది. గోడకు ఆయన తన చేత్తో తెలుగులో రాసుకున్న చిన్న పలక ఉంది. ఆ పిల్ల రోజూ దాని పక్కనుంచే తమిళ బడికి పోతుంది.

“దీంట్లో ఏం రాసుండాది అక్కా?” అని అడిగింది.

“మీ తాత పేరు” అన్నాను.

ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను. పాప తన వేలు నా వేలి పక్కన పెట్టింది.